గట్టు మీది మనిషి

దారి చూపే పసుపు రిబ్బను ఎక్కడో తెగిపోయింది. రోహిణి అది గమనించలేదు.

రాత్రంతా సాగే సైకిల్ పందెం అది. గోపన్‌పల్లి వెనక రాళ్లగుట్టల్లో తెల్లవారేదాకా చుట్లు కొట్టాలి. జట్టుగా కాక ఒంటరిగా తొక్కుతున్న ఆడవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. పూర్తి చేయకుండా తిరిగి రానని ఆఫీసులో అందరికీ చెప్పి మరీ వచ్చింది.

మలుపు తిరిగింది. ముందు చక్రం కింద నేల లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గుంత.

కళ్లు తెరిచేసరికి అడుగున పడి ఉంది. ఎడమకాలు సైకిలుకూ, పునాదిలోంచి లేచిన ఇనుప చువ్వలకూ మధ్య ఇరుక్కుంది. ఫోను ముక్కలైంది. పైనుంచి మట్టి ఇంకా రాలుతూనే ఉంది.

"ఎవరైనా ఉన్నారా?"

కాసేపటికి పైన ఒక లైటు ఊగింది.

"అమ్మా! నువ్వు దారి తప్పి ఇటు మళ్లంగ చూసిన. కేకేసిన, నీకు ఇనరాలే. దెబ్బలు తగిలినయా?"

పెద్దవయసు గొంతు. ఆయనా పందెంలో తొక్కుతున్నవాడే.

"కాలు ఇరుక్కుంది అంకుల్."

"పక్కకు జరగొస్తదా? జరంతైనా?"

"లేదు. అసలు కదలట్లేదు."

పైన రాళ్లు గరగరమన్నాయి. గుంత అంచున కాళ్లు కిందికి పెట్టి ఆయన కూర్చోవడం నీడలా కనిపించింది.

"కూర్చున్నారేంటి? వెళ్లి ఎవరినైనా పిలవండి!"

"పోలేనమ్మా."

"అయితే ఫోన్ చేయండి."

"ఫోన్ అందదు."

"సిగ్నల్ లేదా?"



"నీ హెల్మెట్ లైటు బంద్ చెయ్. పైకి చూడకు, కండ్లల్ల మన్ను పడ్తది," అన్నాడు.

ఇద్దరూ కలిసి అరిచారు. పక్క సైటులో కాంక్రీటు పోస్తున్న యంత్రాల హోరు ఆ కేకల్ని మింగేసింది.

అంతలో పైన ఫోన్ మోగింది.

"మీ ఫోనే కదా! ఎత్తండి!"

"మా ఇంటామె చేస్తున్నట్టుంది."

"ఎత్తండి అంటుంటే!"

"అందదమ్మా."

మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగిపోయింది.

రోహిణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాలు గుంజింది. చువ్వ కాలికి ఇంకాస్త గట్టిగా ఒత్తుకుంది.

"భయమైతే భయమని చెప్పండి. ఇంత పిరికివాళ్లు ఈ పందేనికి ఎందుకొచ్చారు?"

"మా ఇంట్ల గూడ గదే అడిగిన్రు," ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

పేరు లింగమూర్తి అన్నాడు. బాలానగర్‌లో లేత్ షాపు అట. ఆమె పేరు అడిగాడు. చలికి ఆమె కళ్లు మూతలు పడినప్పుడల్లా పిలిచాడు.

"రోహిణీ, పండుకోకు. ఏదన్న మాట్లాడు. కోపమొస్తే తిట్టు, ఏం ఫికర్ లేదు."

ఆమె నిజంగానే తిట్టింది. నాలుగు వైపులా మట్టిగోడలు. తలెత్తితే మట్టి. తిట్టడానికి ఆయన తప్ప ఎవరున్నారు?

రానురాను ఆయన మాటలు తగ్గిపోయాయి. ఏమన్నా 'ఊఁ' అనడమే.

"నిద్రపోయారా?"

"లే... దమ్మా."

తెలవారుతుండగా నిర్వాహకుల మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. పైన ఒక్కసారిగా అరుపులు. "ఇంకొంచెం ఓపిక పట్టండి!" అన్నారెవరో. తననే అనుకుంది రోహిణి. జేసీబీ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాతే తాడు పట్టుకుని మనుషులు కిందికి దిగారు.

స్ట్రెచర్ మీద ఆమెను పైకి తెచ్చేసరికి లింగమూర్తి నేలమీద వెల్లకిలా ఉన్నాడు. ఇప్పుడు కూడా పడుకునే ఉన్నాడు! ఆమెను చూసి చెయ్యి ఎత్తబోయాడు. రోహిణి మొహం తిప్పుకుంది.

పందెం నిర్వహించిన వినయ్ సాయంత్రం దవాఖానకు వచ్చాడు.

"ఆ లింగమూర్తి మీద కంప్లైంట్ ఇస్తాను," అంది రోహిణి. "రాత్రంతా చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు."

వినయ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఫోన్ ఆయన సైకిలు సంచిలో ఉంది మేడమ్. సైకిలు నాలుగడుగుల దూరంలో పడి ఉంది."

"ఆ నాలుగడుగులు వేయలేకపోయాడా?"

"ఆయన్ని ఇందాకే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. వెన్నెముక. మళ్లీ నడుస్తారో లేదో చెప్పలేమంటున్నారు డాక్టర్లు."

"ఆయన గుంతలో పడలేదు కదా!"

"పడలేదు మేడమ్," వినయ్ తల దించుకున్నాడు. "మీరు పడ్డప్పుడు అంచు మీది బండ కదిలింది. అది మీ మీదికి దొర్లకుండా తెల్లవార్లూ వీపు ఒడ్డి ఆపింది ఆయనే."