ఏసీ ఆపిన వారం

మండువేసవిలో కువైట్‌లో ఏసీ ఆపేవాడెవడూ ఉండడు. ఆ వారం మాత్రం ఉత్తరాన సుబియా తీరానికి ఏం పుట్టిందో ఏమో, పగలంతా మబ్బులు, పొద్దుగూకితే సముద్రం మీంచి చల్లటి గాలి.

అక్కడ తనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ విడిది ఇంటికి సిద్ధయ్య ఒక్కడే కాపలా. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ తాళాలే. దారినపోయేవాళ్ల కోసమని గేటు పక్కన పుణ్యానికి పెట్టిన చల్లనీళ్ల కూలర్‌ను రోజూ నింపడం అతని పని. గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు దానికి వేలాడుతుంటుంది. మనిషి తిరగని ఆ దారిలో తెల్లారేసరికి నీళ్లన్నీ అయిపోయేవి. ఎండకు ఇగిరిపోతున్నాయిలే అనుకునేవాడు. ఈ వారం ఎండే లేదు. అయినా అయిపోతూనే ఉన్నాయి.

చీకటిపడ్డాక ఏసీ ఆపి, కిటికీ తెరిచి, రాయచోటిలో ఉన్న భార్య చిన్నక్కకు ఫోన్ చేశాడు.

"ఈపొద్దు నీ మాట బాగా వినపడతాంది. ఎప్పుడూ ఆ ఏసీ మోతే కదా" అంది చిన్నక్క.

బయట గొలుసు గలగలమంది. కొళాయి తిప్పిన చప్పుడు. ఆ వెనకే గుటకలు, ఎన్నాళ్ల దప్పికో అన్నట్టు.

సిద్ధయ్య తొంగిచూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. గ్లాసొక్కటే ఊగుతోంది. "గాలికిలే" అని తనకు తానే చెప్పుకుని, కిటికీ మూసి గడియ పెట్టాడు. గదిలో చడీచప్పుడు లేదు.

"ఏమయ్యో, ఎందుకట్ల గటగటా తాగుతావు?" అంది ఫోన్లో చిన్నక్క. "పొలమారతాది. నిదానంగా తాగు."

సిద్ధయ్య చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి చాపి, మెల్లగా మళ్లీ ఏసీ వేశాడు.