రొయ్యకి ఖరీదు తెలియదు

ముందు తలుపు తెరుచుకున్న చప్పుడయ్యేసరికి పిల్లి వంటింటి కిటికీలోంచి ఒక కాలే లోపల పెట్టాడు. రెండో కాలు కూడా లాక్కుని, మేకుకి వేలాడుతున్న ఏప్రన్ మెడలో వేసుకోవడం తప్ప ఇంకేమీ తోచలేదు.

పిల్లి అనేది తోటి దొంగలు పెట్టిన పేరు. మూడు రోజులుగా అతను ఈ ఇంటిమీదే కన్నేశాడు. తెల్లవారకముందే చీకట్లో సూట్‌కేసులతో నల్లద్దాల కారెక్కిన మొగుడూ పెళ్ళాలు ఇంత తొందరగా తిరిగొస్తారనుకోలేదు. ఈసారి దొరికితే మూడేళ్ళు ఖాయమని జడ్జిగారు పోయినసారే చెప్పి పంపారు.

పెద్ద హ్యాండ్‌బ్యాగుతో లోపలికొచ్చిన ఆవిడ అతన్ని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

“ఎవరు నువ్వు?”

“వంటవాణ్ణి అమ్మగారూ. రేపటి పార్టీకి రొయ్యల వంటకం కావాలట. ఇవాళే చేసి చూసుకోమని అయ్యగారు తాళంచెవి ఇచ్చి పంపారు.”

అది నోటికొచ్చిన అబద్ధమే అయినా వంట మాత్రం నిజం. దొంగ కాకముందు ఎనిమిదేళ్ళు మధ్యధరా రేవుల్లో తిరిగే ఓడలో గరిటె తిప్పినవాడు అతను.

ఆవిడ ఎగాదిగా చూసింది. ఆయన ఏదీ తనతో చెప్పి చావరని విసుక్కుని, సరే, కానివ్వమంది. రుచి నచ్చకపోతే ఇటునుంచి ఇటే పొమ్మంది.

ఫ్రీజర్లో రొయ్యలు రాళ్ళలా ఉన్నాయి. చన్నీళ్ళలో వేసి, అవి మెత్తబడేలోగా వెల్లుల్లి పలచగా తరిగాడు. ప్లేట్ల కోసం ఆవిడ మూడు అరలు తెరిచింది. మూడింట్లోనూ గిన్నెలే. పిల్లికి లోలోపల నవ్వొచ్చింది. డబ్బున్నవాళ్ళకి సొంత వంటింట్లో ఏదెక్కడుందో కూడా తెలియదు.

ఆలివ్ నూనె కాగింది. వెల్లుల్లి, ఎండుమిరప తునకలు వేసి, అవి ఎర్రబడకముందే రొయ్యలు వేశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ మేడమీద పనుందంటూ వెళ్ళింది. పారిపోవడానికి అంతకు మించిన అదను దొరకదు. కానీ రొయ్యలు పెనం మీదున్నాయి. అటు నిమిషం, ఇటు నిమిషం, ఆపైన రబ్బరే. వాటినలా వదిలేసి పోవడానికి పిల్లికి మనసొప్పలేదు. తిరగేశాడు. నిమ్మకాయ పిండాడు.

ఆవిడ ఎర్ర వైన్ సీసాతో దిగింది.

“అది పడదు,” అన్నాడు పిల్లి, తానెవరో మరిచిపోయి. “రొయ్య తిని ఎర్రది తాగితే నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టుంటుంది. తెల్లది తియ్యండి. చల్లగా, పుల్లగా ఉండాలి.”

“ఇంట్లోకల్లా ఖరీదైంది ఇదే.”

“రొయ్యకి ఖరీదు తెలియదమ్మా.”

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఇప్పుడీవిడ ఒళ్ళు మండి పోలీసులకి ఫోన్ చేస్తే?

ఆవిడ ఫోన్ తియ్యలేదు. ఒక రొయ్య తిని ఎర్రది గుక్కెడు తాగి మొహం చిట్లించింది. ఇంకో రొయ్య తిని, ఫ్రిజ్‌లో దొరికిన తెల్లది తాగింది. కళ్ళు మూసుకుంది. తర్వాత రెండో కుర్చీ లాగి, నువ్వూ తిను అంది. ఇద్దరూ పెనం ఖాళీ చేశారు. ఇంత మంచి తిండి తిని ఎన్నేళ్ళయిందో అని ఆవిడ రెండుసార్లు అంది. గండం గడిచిందనుకుని, బజారు పనుందంటూ పిల్లి ఏప్రన్ ముడి విప్పుతున్నాడు.

గేటు దగ్గర కారు హారన్ మోగింది.

వచ్చింది అయ్యగారే. నిన్నెవరు పిలిచారని ఆయన ఒక్క మాటంటే చాలు, మూడేళ్ళు. ఇక అమ్మగారి కాళ్ళమీద పడి నిజం చెప్పేయడమే మేలనుకుని పిల్లి అటు తిరిగాడు. ఆవిడ అప్పటికే హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టింది.

“ఈ ఇంటివాళ్ళు రేపటిదాకా రారన్నారే,” అంది.