అడ్డుపలక

"ఇది కిందపడితే దానంతటదే పేలుతుందా?"

తుపాకుల మేస్త్రీ కళ్లజోడు పైనుంచి ఆమెను చూశాడు. లైసెన్సు మార్పు కోసం వచ్చేవాళ్లు ఏ కంపెనీది, ఏ ఏటిది అని కాగితం రాయించుకుని పోతారు. ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

"ముందు దీని వయసు తేల్చనివ్వండమ్మా. వయసు తెలిస్తే అదీ తెలుస్తుంది."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. పక్కన మేనత్త. పిలవకపోయినా వెంటబడి వచ్చింది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినట్టు కదలకుండా కూర్చుంది.

రివాల్వరు తాతగారిది. ఆయన బతికున్నంతకాలం దాన్ని వదల్లేదు. ఆయన తర్వాత అమ్మ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. పోయిన నెల అమ్మ పోయాక, తాళంచెవితో సహా ఆమెకు వచ్చింది.

ఆమెకు నాలుగేళ్లప్పుడు నాన్న ప్రాణం తీసింది ఇదే. ఆ రోజు గురించి ఒక పెద్ద చప్పుడు తప్ప ఆమెకేమీ గుర్తు లేదు. అల్మరా పైఅర దుమ్ము దులుపుతుంటే తన చేతిలోంచి జారి పేలిందని అమ్మ చెప్పింది. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. అత్త మాత్రం ఒప్పుకోలేదు.

"నేను పరుగెత్తుకొచ్చేసరికి మీ అమ్మ చేతుల నిండా తడిపిండి. దుమ్ము దులిపే మనిషికి పిండెందుకంటుతుందే?"

ఆ మాట వింటూనే ఆమె పెరిగింది. పదిహేడో ఏట అమ్మను నిలదీసింది. "నా చేతిలోంచే జారింది" అంది అమ్మ. అంతకుమించి ఒక్క ముక్క కలపలేదు. తప్పు చేయని మనిషైతే ఎందుకలా నీళ్లు నములుతుంది? ఆ కోపంతోనే ఇల్లు వదిలింది. ఆఖరి రోజుల్లో అమ్మ కబురు పెట్టినా ఆస్పత్రి గడప తొక్కలేదు. అమ్మ నాన్నను చంపి ఉంటే, వెళ్లకపోవడం న్యాయమే. చంపి ఉండకపోతే? నెల రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

మేస్త్రీ పిడికున్న చెక్కలు ఊడదీశాడు. వాటి కింద దాగిన నంబరు చూశాడు. గొట్టం మీది ముద్రను భూతద్దంతో చదివాడు. అట్టలూడిన పుస్తకమొకటి తెరిచి, వరుసల వెంట వేలు నడిపించాడు.

"తొంభై ఏళ్ల పైమాటే. వీటిలో అడ్డుపలక ఉండదు."

"అంటే?"

"సుత్తి వచ్చి తూటాను కొడితేనే కదా పేలేది? ఆ రెంటికీ మధ్య అడ్డం నిలిచే ఇనపముక్క. తర్వాత వచ్చినవాటికే పెట్టారు. అది లేని రివాల్వరు, సుత్తి నేలకు తగిలేలా పడితే పేలుతుంది."

ఆమె గుండెల మీంచి బరువు దిగింది. "విన్నావా అత్తా?"

"విన్నాలే. విప్పి చూడమను. పుస్తకంలో ఉన్నవన్నీ నిజాలేనా?"

మేస్త్రీ పక్కరేకు మరలు విప్పాడు. లోపలికి చూసి ఆగిపోయాడు.

"ఇందులో అడ్డుపలక ఉందే! మేడ మీంచి పడేసినా ఇది పేలదు. ట్రిగ్గరు నొక్కాల్సిందే."

"నేను చెప్పలా?" అంది అత్త. గెలిచిన గొంతు కాదది. "బంగారం లాంటి నా తమ్ముణ్ణి..."

ఇన్నేళ్ల అనుమానం నిజమైంది. నిజమైతే ఇంత నొప్పిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"ఉండండి" అన్నాడు మేస్త్రీ. "తుపాకీ పాతది, పలక తర్వాతిది. దీని మీద చేప గుర్తుంది. ఇది మా నాన్న ముద్ర. మా కొట్లోనే వేశారు."

అటక మీంచి ఓ లావుపాటి రిజిస్టరు దించి దుమ్ము ఊదాడు. తుపాకీ ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నది తెచ్చినవాళ్ల మాటల్లోనే రాయడం వాళ్ల నాన్న పద్ధతి. నంబరు దొరికింది. తేదీ పైకి చదివాడు.

నాన్న పోయిన రెండు నెలలకు!

అంటే ఆ రోజున పలక లేదు. జారింది. పేలింది. అంతే.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపిష్టిదాన్ని, నీకు లేనిపోనివన్నీ నూరిపోశాను" అంది.

"అమ్మ నిజమే చెప్పిందత్తా!" అని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

మేస్త్రీ ఇంకా చదువుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి రిజిస్టరు మూసేశాడు.

"మీక్కావలసింది తేలిందిగా అమ్మా. ఇక కాగితం రాసిచ్చేస్తాను."

ఆయన ఆమె కళ్లలోకి చూడటం లేదు. తగ్గిన అనుమానం మళ్లీ తల ఎత్తింది.

"ఏం దాస్తున్నారు?"

"ఏం లేదు తల్లీ. ఇంటికెళ్లండి."

ఆమె రిజిస్టరు లాక్కుని పేజీ తెరిచింది. అమ్మ సంతకం. దాని పైన, కారణం అన్నచోట, ముత్యాల్లాంటి అక్షరాలు:

"నేను వంటింట్లో ఉండగా నాలుగేళ్ల పాప స్టూలెక్కి దీన్ని తీయబోతే జారి పేలింది, నా చేతిలోంచే జారిందని అందరికీ చెప్పాను, పాపకు ఎప్పటికీ తెలియనివ్వకండి."