గంటకు పందొమ్మిది

మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని ఆ మనిషి హాల్లోకి అడుగుపెట్టగానే డోంకా గట్టిగా దగ్గింది. అంతే, అక్కడున్న పద్దెనిమిది చేతులూ ఒక్కసారిగా నీరసించిపోయాయి.

రూసె పట్నంలోని ఆ ప్రెస్సులో పిల్లల పుస్తకాలు తయారవుతాయి. పేజీ తిప్పితే చాలు, కోటలూ ఏనుగులూ లేచి నిలబడతాయి. వాటిని చేత్తో అతికించేది తొమ్మిదిమంది ఆడవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద డోంకా. ముప్ఫయ్యేళ్ళ అనుభవం, అంతకు రెట్టింపు నోరు.

నెలరోజులుగా యజమాని రంగెలోవ్‌ది ఒకటే పాట. "అయిదేళ్ళలో మీ జీతాలు రెట్టింపయ్యాయి. కాగితం కంటే మీరే ఖరీదైపోయారమ్మా! ఈ పని చవగ్గా చేసే దేశానికి పంపేస్తే పీడా పోతుంది."

డోంకా యూనియన్ ఆఫీసుకెళ్ళి బల్ల గుద్ది మరీ పోట్లాడింది. "చూస్తాం" అన్నారు వాళ్ళు. "చందా వసూళ్ళు తప్ప వాళ్ళకేం చేతనవును!" అని తిరిగొచ్చి దుమ్మెత్తిపోసింది.

అంతలో ఈ గడియారం మనిషి దిగబడ్డాడు.

"రంగెలోవ్ పంపుంటాడు" అంది డోంకా గుసగుసగా. "గంటకు నలభై పేజీలు చేస్తున్నామని రాసుకుపోయాడంటే రేపట్నుంచి అరవై చెయ్యమంటారు. మా అమ్మ సర్కారు ప్రెస్సులో ఉన్నప్పట్నుంచీ ఇదే తంతు. వాచీ కనబడిందా, చేతులకు పక్షవాతం రావాలి!"

"అక్కా, మరీ నెమ్మదిస్తే ఉన్న పని ఊడుతుందేమో" అంది ఇస్క్రా. అందరిలోకీ చిన్నది.

"నోర్మూసుకుని జిగురు రాయవే!"

ఇక చూడాలి వాళ్ళ నటన! ఒకామె అతికించిన తొండాన్నే పీకి మళ్ళీ అతికించింది. ఇంకొకామె గంటకు నాలుగుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుంది. డోంకా ప్రతి ఏనుగునూ పసిపిల్లలా నిమిరి, ఊదీ ఊదీ ఆరబెట్టింది.

రెండోరోజుకి ఆ మనిషికి చెమటలు పట్టాయి. "అమ్మా, నన్ను చూసి మొహమాటపడకండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి" అని బతిమాలాడు.

"రోజూ ఇంతే నాయనా. ఇవాళ నీకోసం కాస్త జోరు పెంచాం" అంది డోంకా. హాలంతా జిగురంటిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడోరోజు పాపం చాక్లెట్లు తెచ్చి పంచాడు. అవి తినడానికి ఇంకో గంట పట్టింది. సాయంత్రం ఏడుపు మొహంతో నోట్‌బుక్కు మూశాడు. మూసేలోపే డోంకా తొంగిచూసింది. గంటకు పందొమ్మిది!

శుక్రవారం రంగెలోవ్ స్వయంగా బానిట్సా పళ్ళెం మోసుకొచ్చాడు. ప్రెస్సు యజమానైన పదకొండేళ్ళలో ఎవరికీ మంచినీళ్ళయినా ఇవ్వని మనిషి! జున్ను పొరలు పొరలుగా పెట్టిన వేడివేడి రొట్టె. "తినండమ్మా, కష్టపడుతున్నారు" అన్నాడు, చిరునవ్వు చెరగకుండా.

"చూశారా, తోక ముడిచాడు!" అంది డోంకా, అతను అటు తిరగ్గానే. కరకరలాడే మూలముక్క తనే తీసుకుంది.

సోమవారం వచ్చేసరికి హాలుకు తాళం. తలుపు మీద రెండు కాగితాలు. పని విదేశానికి పంపేశాం, ఇక రానక్కర్లేదని రంగెలోవ్ అంటించింది మొదటిది. రెండోది యూనియన్‌ది. ఇస్క్రా పైకి చదివింది.

"గంటకు మీరు ఇరవై పేజీలైనా చెయ్యరని రంగెలోవ్ అంటుంటే, అది అబద్ధమని నిరూపించి మీ పని నిలబెట్టాలనుకున్నాం. మీకు ముందే చెబితే, కావాలని జోరుగా చేశారని అతనంటాడని చెప్పలేదు. ఆ వాచీ మనిషిని పంపింది మేమే."