ఇసుక పట్టిన లెన్సు

కెమెరా మూతి సగం బయటికొచ్చి ఆగిపోయింది.

స్విచ్ నొక్కితే కిర్రుమంటుంది. తెర మీద లెన్స్ ఎర్రర్ అని చూపిస్తుంది. మళ్లీ కళ్లు మూసుకుంటుంది.

“చేత్తో లాగారా?” అడిగాడు రిపేరు షాపతను.

“కొంచెం,” అంది చంకలో పాపను సర్దుకుంటూ ఆ తల్లి.

“కొంచెమేనా?”

“నెట్టాను కూడా. భయమేసి ఆపేశాను అన్నా.”

“ఆపబట్టి బతికింది.”

గోడవార బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. వీళ్లు వచ్చినప్పటి నుంచీ పాపనే చూస్తోంది. తల్లికి ఆ చూపు నచ్చలేదు. పాపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

“ఎన్నేళ్లు తల్లీ?”

“రెండు నిండాయి.”

తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఇంకా నడవడం లేదా అంటారు. డాక్టరుకి చూపించారా అంటారు. అడగనివాళ్లు లేరు. చెప్పీ చెప్పీ నోరు ఎండిపోయింది.

పెద్దావిడ అది అడగలేదు. “బరువు బాగానే ఉంది. చేతులు పీకుతున్నాయేమో, దింపు. బెంచీ పట్టుకుని నిలబడుతుందిలే,” అంది. తల్లి పాపను బెంచీ పక్కన దింపింది.

నిన్న పార్కు ఇసుకలో పాప ఏ ఆసరా లేకుండా నిలబడింది. ఒక్క అడుగు వేసింది కూడా. తల్లి కంగారుగా కెమెరా తీసేలోపు పాప కూలబడింది, కెమెరా చెయ్యిజారి ఇసుకలో పడింది.

ఓడ మీద పనికెళ్లిన భర్తకు ఫోన్లో చెబితే నమ్మలేదు.

“నా మనసు కుదుటపడాలని చెబుతున్నావు కదూ,” అన్నాడు.

రాత్రంతా ఆ మాటే ఆమెను తినేసింది.

షాపతను సన్నటి కాగితం ముక్కను లెన్సు చుట్టూ ఉన్న సందులో పోనిచ్చాడు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. లెన్సును బల్లవైపు తిప్పి పట్టుకుని, పక్కన వేలితో తడుతూ స్విచ్ నొక్కాడు.

కిర్రుమంది. నాలుగు ఇసుక రేణువులు రాలాయి.

“మెల్లగా నాయనా, లోపలి చక్రాల పళ్లు విరుగుతాయి,” అంది పెద్దావిడ.

“రిపేరు నువ్వు చేస్తావా పెద్దమ్మా?”

“నువ్వు చేసేది చూసీ చూసీ సగం వచ్చేసింది. మిగతా సగం నీకూ రాదు.”

తల్లికి నవ్వొచ్చింది. చాలా రోజులకి.

“ఈవిడ ఇక్కడ పని చేస్తారా?”

“ఈ షాపులో పాత సామాన్లన్నిటికంటే పాతదాన్ని నేనే తల్లీ. కొనేవాళ్లు లేక ఉండిపోయాను.”

అంతలో లెన్సు జుయ్యిమని పూర్తిగా తెరుచుకుంది. ఆ చప్పుడుకి పాప ఇటు తిరిగింది. తిరగడంలో బెంచీ వదిలేసింది.

పడలేదు.

పెద్దావిడ చప్పున బెంచీ దిగి, రెండు బారల అవతల నేల మీద కూర్చుంది. చేతులు చాచింది.

“రా బంగారం. నా దగ్గరికి రా.”

“అన్నా, కెమెరా,” అంది తల్లి. “వీడియో తియ్యండి.”

తెర మీద మెమరీ ఫుల్ అని వచ్చింది.

“కార్డేదమ్మా?”

ఆమె నుదురు కొట్టుకుంది. పొద్దున ఫొటోలు పంపుదామని నెట్ సెంటర్‌లో పెట్టిన కార్డు అక్కడే మరిచిపోయింది.

“కెమెరా లోపల కూడా కాస్త చోటుంటుంది. అదీ నిండిపోయింది. ఏవో పాత ఫొటోలు. కార్డుంటే ఇవి కనబడవు.”

“మావే అయ్యుంటాయి. తీసెయ్యండి.”

“ఒక్కసారి చూసుకుని...”

పాప ఒక అడుగు వేసింది.

“చూస్తూ కూర్చుంటే అవుతుందా?” పెద్దావిడ కళ్లు పాప మీంచి కదల్లేదు. “ఫొటోలదేముంది, మళ్లీ తీసుకోవచ్చు. ఈ నడక మళ్లీ వస్తుందా? తుడిచెయ్యి నాయనా, త్వరగా.”

అతను తుడిచేశాడు.

పాప నడిచింది. ఊగుతూ, తూలుతూ, నోరు తెరిచి నవ్వుతూ వెళ్లి పెద్దావిడ ఒళ్లో పడింది. అంతా కెమెరాలోకి ఎక్కింది.

తల్లి ఏడుస్తూ పెద్దావిడ చేతులు పట్టుకుంది. “మీ పుణ్యం పెద్దమ్మా. ఇక మా ఆయన నమ్ముతాడు.”

“ఏదీ, నన్నూ చూడనీ.”

పెద్దావిడ కెమెరా అందుకుంది. వీడియో చూసి మురిసిపోయింది. తిరిగి ఇవ్వబోతూ ఆగింది. కెమెరా కింది వైపున ఒక ఎర్ర చుక్క ఉంది, గోళ్లరంగుది. దాని మీద ఆమె బొటనవేలు ఆగిపోయింది.

“ఇది ఎక్కడ కొన్నారమ్మా?”

“సెకండ్ హ్యాండ్‌ది పెద్దమ్మా. ఓడెక్కే ముందు మా ఆయన కొనిచ్చాడు.”

పెద్దావిడ ఫొటోలు చూసే బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ప్రతిసారీ పాపే నడుచుకుంటూ వచ్చింది.

బటన్ మీంచి వేలు తీసింది. కెమెరాను తల్లి చేతిలో పెట్టి, ఆ వేళ్లను తనే మూసింది.

“ఇంకోచోట కూడా దాచుకో తల్లీ. ఒక్కచోటే ఉంచకు.”

పాప తల నిమిరి చెప్పులేసుకుంది.

“అదేంటి పెద్దమ్మా, ఈ వారం వచ్చిన పాత కెమెరాలు చూడవా?” వెనక నుంచి షాపతను పిలిచాడు.

“వద్దులే నాయనా. ఇక రాను.”

“అలిగావా ఏంటి?”

ఆమె మెట్లు దిగి జనంలో కలిసిపోయింది.

“ఆవిడ ఏం చూస్తారు అన్నా?” అడిగింది తల్లి.

అతను బల్ల మీది ఇసుకను అరచేత్తో తుడుస్తూ అన్నాడు.

“వాళ్లమ్మాయి చనిపోయాక, ఆ పిల్ల ఫొటోలన్నీ ఉన్న కెమెరాని ఇంట్లోవాళ్లెవరో తెలియక అమ్మేశారట, అప్పటి నుంచీ దాని కోసమే తిరుగుతోంది పాపం... ఇక రానందంటే, దొరికిందేమో మరి.”