రొయ్య బతికినంత కాలం

ఆదివారం ఉదయం ఏడు గంటలకు తన రొయ్య చచ్చిపోయిందని భీమశంకరరావు చెప్పాడు.

గురువమ్మ అప్పుడే సముద్రపు నీళ్ళ డబ్బాలు రెండూ రిక్షాలోంచి మోసుకొచ్చి వరండాలో దించింది. తలమీది చుట్టగుడ్డ ఇంకా తియ్యలేదు.

"అదేటి బాబూ, పోయిన ఆదివారం సూసినాను కదా. సక్కగానే ఉంది."

"పోయిన ఆదివారం సంగతి ఎందుకు? ఇటు చూడు."

టీపాయ్ మీద సాసరు, సాసర్లో రొయ్య. ఎర్రటి వీపు మీద తల నుంచి తోక దాకా తెల్ల చార, పొడుగాటి మీసాలు. సింగపూర్ నుంచి ఓడలో వచ్చిన రొయ్య అది. రేవులో సరుకు దించే కంపెనీకి భీమశంకరరావు మేనేజరు. ఓడవాళ్ళు ఆయనకి అలాంటివి తెచ్చిపెడుతుంటారు. హాలు మూలన దాన్ని పెంచే గాజు తొట్టెకి నిలువునా దుప్పటి కప్పి ఉంది.

"ఒడ్డున మురిక్కాలవ కలిసేచోట నీళ్ళు ముంచుకొచ్చి ఉంటావు," అన్నాడాయన.

"నేదు బాబూ. మా మరిది తెప్ప మీద అలలు దాటెళ్ళి తెచ్చినాను. ఏడాది బట్టీ అక్కడి నీళ్ళే తెస్తన్నాను. ఒక్క వారం తప్పినానా?"

"ఏడాది బతికించి ఇప్పుడు చంపావు. రేపటి ఖాళీ సంగతి ఇంక మర్చిపో."

గురువమ్మ చుట్టగుడ్డ తీసి చేత్తో పట్టుకుంది. రేపు పొద్దున్న ఆమె కొడుకు ఎల్లాజీ కళాసీ పనికి రేవు గేటు దగ్గరికి వెళ్ళాలి. చొక్కా ఇస్త్రీ చేయించి మేకుకి తగిలించుకున్నాడు.

"మీరు సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసినారు బాబూ. ఖాళీ వస్తే మా ఎల్లాజీకే అన్నారు."

"అన్నాను. ఈ రొయ్య బతికినంత కాలం అన్నాను. అన్నానా లేదా?"

"అన్నారు."

"అప్పన్న మీద వేసిన ఒట్టు తప్పే మనిషిని కాను నేను. రొయ్య లేదు, ఒట్టూ లేదు."

"ఆళ్ళ నాన్న ఏటకెళ్ళి మరి రానేదు బాబూ. గుంటడ్ని కూడా ఆ సంద్రం మీదకే పంపమంటారా? నీళ్ళు మంచియే. నా మాట నమ్మండి."

భీమశంకరరావు లోపలికి కేకేశాడు. "అనూరాధా, ఒక గ్లాసు తే."

ఆయన భార్య స్టీలు గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయనే డబ్బా మూత తీసి గ్లాసు నింపాడు.

"మంచివే కదా. తాగు."

గురువమ్మ గ్లాసు అందుకుంది. సగంలో పొరబోయింది. వరండా స్తంభం పట్టుకుని మిగతా సగం తాగి, గ్లాసు బోర్లించి చూపించింది.

"సూడండి బాబూ. నాకేటీ అవనేదు."

"నీకేమవుతుంది? నువ్వు రొయ్యవా?"

ఆయన ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పాడు.

"సన్యాసిరాజూ, మీ బావమరిదిని రేపు గేటు దగ్గరికి పంపు. ఆ, అతన్నే. ఏదో దారి చూస్తానని నిన్న చెప్పాను కదా. ఒట్టు అడ్డు తొలగిపోయింది."

ఫోను పెట్టేసి, "నీ ఖాళీ డబ్బాలు కూడా పట్టుకుపో. ఇంక నీళ్ళు అక్కర్లేదు," అన్నాడు.

"అమ్మగారూ, మీరైనా ఒక్క మాట సెప్పండి."

అనూరాధ ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

కిందటి వారం డబ్బాలు తొట్టె స్టాండు కింద ఉన్నాయి. గురువమ్మ వంగి ఒకటి బయటికి లాగింది. డబ్బా పిడికి దుప్పటి అంచు తగులుకుని, దుప్పటి మొత్తం జారి కింద పడింది.

తొట్టెలో రాయి మీద రొయ్య ఉంది. మీసాలు కదుపుతోంది.

గురువమ్మ దాన్ని చూసింది. తర్వాత సాసరు దగ్గరికి వెళ్ళి, అందులోదాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. బరువు లేదు. వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి కిటికీ కనిపించింది. లోపలంతా డొల్ల.

"పెంకు ఇడిసేసినాది బాబూ," అంది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇది ఒట్టి పెంకు. రొయ్య సావనేదు. అల్లదిగో, మీసాలు తిప్పుతంది. మీ ఒట్టు నిలబడిపోనాది. ఆ రాజుగారికి మళ్ళీ ఒకపాలి ఫోను సెయ్యండి."

భీమశంకరరావు ఫోను వైపు వెళ్ళలేదు. తొట్టెలో రొయ్యని చూసి ఆశ్చర్యపోనూ లేదు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.

"వద్దండీ," అంది అనూరాధ.

"నువ్వు లోపలికి పో."

ఆయన తొట్టెలో చెయ్యి పెట్టాడు. రోజూ మేత వేసే చెయ్యి కాబట్టి రొయ్య పారిపోలేదు. రాయి దిగి వచ్చి, అరచేతిలోకి ఎక్కి, గోళ్ళ చుట్టూ గీరడం మొదలుపెట్టింది. దాన్ని అలాగే వరండాలోకి తీసుకొచ్చి, ఎండపడ్డ సిమెంటు గచ్చు మీద వదిలాడు.

రొయ్య ఒకసారి ఎగిరి పడింది. గురువమ్మ నీళ్ళ డబ్బా మూత తీసి, దాన్ని అందులో వెయ్యడానికి కింద కూర్చోబోయింది. ఆయన కాలు అడ్డం పెట్టాడు.

"నా రొయ్య. ముట్టుకోకు."

ఆమె ఆ కాలు రెండు చేతులా పట్టుకుంది. ఆయన తలుపులోంచి హాల్లో గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఏడూ నలభైకి రొయ్య చచ్చిపోయింది.