లెక్కప్రకారం

ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంది. స్మృతి ఒక్క ఉదుటున లేచింది.

ఎవరో నర్సు. అటు చూడకుండానే వెళ్లిపోయింది.

స్మృతి కూర్చుంది. కూర్చోలేక మళ్లీ లేచింది.

మధ్యాహ్నం క్యారీ ఊరి దగ్గర హైవే మీద భర్త ఉదయ్ కారును ట్రక్కు గుద్దింది. కబురు తెలిసి, స్కూల్ నుంచి కూతురు నిధిని తీసుకుని ఆమె వచ్చేసరికే అతన్ని లోపలికి తీసుకెళ్లిపోయారు.

ఫోన్ మోగింది. మరిది.

"ఏమో అద్వైత్, లెక్కప్రకారం ఈపాటికి అయిపోవాలి. ఎవరూ ఏమీ చెప్పట్లేదు."

ఫోన్ పెట్టేయగానే నిధి చెయ్యి లాగింది.

"అమ్మా, లెక్కప్రకారం అంటే? మ్యాథా?"

"మ్యాథమెటికల్లీ. కాసేపు ఊరుకో నిధీ!"

"అట్లా కాదు బంగారం," అన్నాడు ఎదురు కుర్చీలోని పెద్దమనిషి. వీళ్లు వచ్చేటప్పటికే అక్కడున్నాడు. ఆయన కళ్లూ ఆ తలుపు మీదే.

"లెక్కప్రకారం మీ స్కూల్ బస్ మూడింటికి రావాలి. ఒక్కోరోజు రాదు. రావాల్సింది ఇంకా రాకపోతే అట్లా అంటాం."

నిధి మొహం చిన్నబోయింది.

"అంటే... డాడీ రాడా అంకుల్?"

"అయ్యో, వస్తాడమ్మా!"

స్మృతి గిర్రున తిరిగింది.

"ఆపండి! పిల్లతో మాట్లాడే మాటలా ఇవి?"

"తప్పుగా అనుకోకమ్మా. నేనసలు..."

"ప్లీజ్! మీరు వేరేచోట కూర్చోండి."

ఆయన లేచాడు. దూరంగా వెళ్లి, కూర్చోకుండా లిఫ్ట్ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఎట్టకేలకు డాక్టర్ బయటికి వచ్చింది. వెనకే నర్సు.

"ప్రమాదం తప్పింది. రక్తం చాలా పోయింది, అయినా తట్టుకున్నాడు."

స్మృతి నిధిని గుండెకి హత్తుకుని భోరుమంది.

తల ఎత్తేసరికి ఆ పెద్దమనిషి చేతులతో కళ్లు తుడుచుకుంటూ లిఫ్ట్‌లోకి వెళ్తున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

స్మృతికి మనసు చివుక్కుమంది. పాపం, తనలాగే ఎవరి కోసమో ఎప్పటి నుంచో ఎదురు చూస్తున్నాడేమో!

"ఆయన వాళ్లు బాగానే ఉన్నారా?" అని నర్సుని అడిగింది. "లోపల ఎవరున్నారు ఆయనకి?"

నర్సు ఆశ్చర్యంగా చూసింది.

"ఎవరూ లేరు. మీకు చెప్పలేదా? అంబులెన్స్ వచ్చేదాకా రోడ్డు మీద కూర్చుని, మీ ఆయన గాయాన్ని రెండు చేతులతో అదిమిపట్టుకుని ప్రాణం నిలిపింది ఆయనే!"